మాట మధ్యలో తెగిపోతుంటే



ఈ నెల ఒక చిన్న పెట్టె గురించి మాట్లాడుకుందాం. టీవీ పక్కనో, గూట్లోనో, గోడకు మేకు కొట్టో మనమందరం పెట్టుకుంటున్న వైఫై పెట్టె అది. రౌటరు అంటారు. "కుటుంబ పత్రికలో కరెంటు పెట్టెల సంగతి ఎందుకండీ?" అని మీరు అడగవచ్చు. ఆ పెట్టె మూలంగా ఒక ఇంట్లో అత్తాకోడళ్ళకు నలభై రోజులు మాటలు లేకుండా పోయాయి గనుక చెప్పవలసి వచ్చింది.

మాకు వరుసకు పిన్నమ్మ అయ్యే ఆమె నాగాయలంక అవతల కాపురముంటున్నారు. బాబాయి కాలం చేసి రెండేళ్ళయింది. ఒక్కడే కొడుకు, కువైట్‌లో ఏసీ మెకానిక్కు. కోడలు అక్కడే ఆసుపత్రిలో నర్సు. నాలుగేళ్ళ మనుమడు. కువైట్‌కూ మనకూ రెండున్నర గంటల తేడా గనుక, వాళ్ళు పని ముగించుకొని ఇల్లు చేరేసరికి మనకు రాత్రి ఏడున్నర, ఎనిమిది అవుతుంది. ఆ వేళకు పిన్నమ్మ తల దువ్వుకొని, ఉతికిన చీర కట్టుకొని, ఫోను ఎదురుగా పెట్టుకొని కూర్చునేవారు. రోజు మొత్తానికి ఆమె ఎదురు చూసేది ఆ అరగంట కోసమే.

ఆ అరగంట ఏనాడూ సాఫీగా సాగేది కాదు. మనుమడు బొమ్మలు చూపిస్తున్నంతసేపు బాగానే ఉండేది. తరువాత పిన్నమ్మ, "ఈ క్రిస్మసుకైనా పిల్లవాణ్ణి తీసుకొని రండి" అనో, "మీ నాన్న వైద్యానికి తెచ్చిన అప్పు సంగతి ఏం చేద్దాం" అనో ఎత్తుకునేసరికి తెరమీద బొమ్మ కదలకుండా ఆగిపోయేది. కాల్ తెగిపోయేది. తిరిగి కలిసేసరికి ఐదు నిమిషాలు పట్టేది. అప్పటికి పిల్లవాడు నిద్రకు పడేవాడు.

ఒకసారి అయితే సరే, రెండుసార్లయితే సరే. వారంలో నాలుగు రోజులు ఇదే తంతు. పిన్నమ్మకు అనుమానం మొదలయింది. "డబ్బు మాట ఎత్తేసరికి కోడలే కట్ చేస్తుంది" అనుకున్నారు. మనసులో అనుకొని ఊరుకున్నా బాగుండేది. పక్కింటావిడతో అన్నారు. ఆవిడ చెల్లెలు కూడా కువైట్‌లోనే ఉంది. ఆ మాట సముద్రం దాటి కోడలి చెవిన పడింది. కోడలికీ ఒక అనుమానం అప్పటికే ఉన్నది. "నేను మాట్లాడబోయే సమయానికి అత్తయ్యే ఫోను పెట్టేస్తున్నారు" అని ఆమె బాధ. ఇక ఇటునుంచి ఫోను లేదు, అటునుంచి లేదు. కొడుకు మాత్రం డ్యూటీలో ఉండగా రెండు నిమిషాలు, "అమ్మా, తిన్నావా" అని అడిగి పెట్టేసేవాడు.

మేము బాబాయిగారి జ్ఞాపకార్థ కూడికకు వెళ్ళినప్పుడు ఈ సంగతి తెలిసింది. ఆ రాత్రి మేమే బలవంతాన ఫోను కలిపించాము. అందరం పలకరించుకున్నాము. ఏడెనిమిది నిమిషాలు గడిచాయో లేదో, బొమ్మ ఆగింది. "చూశావా నాయనా, నేను చెప్పలా?" అన్నారు పిన్నమ్మ, కన్నీళ్ళతో. అదే క్షణాన మా చూపు టీవీ మీద ఉన్న పెట్టె మీద పడింది. దాని దీపాలన్నీ ఆరిపోయి ఉన్నాయి. ఇంట్లో కరెంటు ఉంది. ఫ్యాను తిరుగుతున్నది. మేము చూస్తుండగానే ఒక్కొక్క దీపమే మళ్ళీ వెలిగింది. అన్నీ స్థిరపడేసరికి మూడు నిమిషాలయింది.

ఫోను కోడలు పెట్టేయలేదు, అత్తా పెట్టేయలేదు. పెట్టె తనంతట తాను ఆరిపోయి, మళ్ళీ మొదటినుంచి లేస్తున్నది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. నెట్ పోవడం వేరు, పెట్టె ఆరిపోయి లేవడం వేరు. పైకి రెండూ ఒకేలాగా ఉంటాయి. తేడా తెలిసేది దీపాలవల్లనే. పవర్ దీపం వెలుగుతూనే ఉండి, ఎల్‌ఓఎస్ అని రాసిన చోట ఎర్రదీపం వెలిగితే, బయట గాజు తీగ తెగిందనో, నలిగిందనో, ఆవలివైపు సరఫరా లేదనో అర్థం. దానికి మన ఇంట్లో చేయగలిగింది ఏమీ లేదు. కేబులు వారికి కబురు చేయవలసిందే. అలా కాక అన్ని దీపాలూ ఒక్కసారిగా ఆరి, మళ్ళీ వరుసగా వెలిగితే, లోపం చాలావరకు మన ఇంటి గోడల మధ్యనే ఉంటుంది. ముఖ్యంగా ఆ పెట్టెకు కరెంటు అందే దారిలో ఉంటుంది.

ఎప్పుడూ పెట్టె ముందు కూర్చొని చూడలేముగదా అంటారా? దానికీ మార్గం ఉంది. పెట్టె అడుగున అంటించిన చీటీమీద 192.168.1.1 వంటి అంకెలు, పేరు, రహస్య పదం ఉంటాయి. వైఫై కలిపిన ఫోనులో ఆ అంకెలు కొట్టి లోపలికి వెళితే, చాలా పెట్టెల్లో అప్‌టైమ్ అని ఒక లెక్క కనబడుతుంది. పెట్టె ఎంతసేపటినుంచి ఆగకుండా నడుస్తున్నదో ఆ లెక్క చెబుతుంది. ఉదయం నుంచి కరెంటు పోకపోయినా అక్కడ పది నిమిషాలని ఉంటే, పెట్టె పది నిమిషాల క్రితం పడి లేచిందన్నమాట. నాలుగు రోజులని ఉండి కూడా నెట్ తెగుతుంటే, పెట్టెది తప్పు కాదు, లైనుది.

మరి పిన్నమ్మ ఇంట్లో ఏం జరిగింది? మేము పెట్టెను తిప్పి చీటీ చూశాము. 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు అని ఉంది. గోడ దగ్గర ప్లగ్గుకు ఉన్న నల్లని అడాప్టరు తీసి దానిమీది చీటీ చూశాము. 12 వోల్టులు, 0.5 ఆంపియరు అని ఉంది. అడిగితే అసలు సంగతి బయటపడింది. వానాకాలంలో పిడుగులు పడినప్పుడు పాత అడాప్టరు కాలిపోయిందట. ఎవరో కుర్రవాడు పాత టీవీ బాక్సుది ఒకటి తెచ్చి తగిలించాడట. పిన్ను సరిపోయింది, దీపాలు వెలిగాయి, అందరూ సంతోషించారు.

వోల్టులు, ఆంపియర్లు అంటే కంగారు పడవద్దు. రెండింటినీ హెచ్చవేస్తే ఎంత బలమో తెలుస్తుంది. 12ను 1.5తో హెచ్చవేస్తే 18 వాట్లు. 12ను 0.5తో హెచ్చవేస్తే 6 వాట్లే. రెండెడ్లు లాగవలసిన బండికి ఒక్క ఎద్దును కట్టినట్లన్నమాట. బండి ఖాళీగా, బాట చదునుగా ఉన్నంతసేపు ఆ ఒక్క ఎద్దూ లాగుతుంది. కాలువ గట్టు ఎక్కవలసి వచ్చినప్పుడు మోకాళ్ళమీద పడుతుంది. పెట్టె కూడా అంతే. ఊరికే ఉన్నప్పుడు కొద్ది కరెంటు చాలు. వీడియో కాల్‌లో మాటా బొమ్మా ఆగకుండా పంపవలసి వచ్చినప్పుడు, రెండు మూడు ఫోనులు కలిసినప్పుడు, ఎక్కువ లాగుతుంది. బలహీనమైన అడాప్టరు వేడెక్కి, 12 వోల్టులు నిలబెట్టలేక జారిపోతుంది. పెట్టె ఆరిపోతుంది. ఆరిన వెంటనే బరువు తగ్గుతుంది గనుక అడాప్టరు తేరుకుంటుంది, పెట్టె మళ్ళీ లేస్తుంది.

అందుచేతనే కాల్ మొదట్లో బాగుండి, కొన్ని నిమిషాలకు తెగేది. ముఖ్యమైన మాటలు మనమెప్పుడూ చివరనే ఎత్తుతాము గదా! డబ్బు మాట ఎత్తడమూ అడాప్టరు అలసిపోవడమూ ఒకే సమయానికి కలిసేవి. ఆ కలయికకు మనిషి మనసు వేరే కారణం కట్టింది.

దానికి తోడు ఆ ఇంటి వెనుక రొయ్యల చెరువులున్నాయి. రాత్రిపూట నీళ్ళలో ప్రాణవాయువు తగ్గుతుంది గనుక చీకటి పడేసరికి ఏరేటర్లు వేస్తారు. మోటారు తిరగడం మొదలుపెట్టే క్షణంలో మామూలుకంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఆ లైనుమీద ఉన్న ఇళ్ళలో బల్బు ఒక్కసారి మసకబారి తేరుకుంటుంది. మంచి అడాప్టరుకు ఇది లెక్కలోకి రాదు. దానిమీద 100 నుండి 240 వోల్టుల వరకు అని రాసి ఉంటుంది చూడండి, అంత తగ్గుదలను తట్టుకునేటట్లే చేస్తారు. కాని ఏళ్ళ తరబడి వేడికి లోపలి కెపాసిటర్లు ఎండిపోయిన పాత అడాప్టరు ఆ చిన్న కుదుపుకే చేతులెత్తేస్తుంది. కాబట్టి "ఓల్టేజి తక్కువండీ" అని అన్నిటికీ ఒకే కారణం చెప్పుకోకుండా, ముందు అడాప్టరును అనుమానించడం మంచిది.

మరునాడు అవనిగడ్డ వెళ్ళి 12 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టరు తెచ్చాము. రెండు వందల యాభై రూపాయలయింది. ఇక్కడ కొనేవారికి మూడు నియమాలు చెప్పాలి. వోల్టులు ఖచ్చితంగా అంతే ఉండాలి, ఎక్కువైతే పెట్టె కాలుతుంది. ఆంపియర్లు అంతే గాని, అంతకంటే ఎక్కువ గాని ఉండవచ్చు, తక్కువ మాత్రం పనికిరాదు. పిన్ను లావూ, చీటీమీద కూడిక, తీసివేత గుర్తులున్న చిన్న బొమ్మా రెండిటిమీదా ఒకేలాగా ఉండాలి. కొనేముందు వీలయితే అదే రకం పెట్టె ఉన్న పక్కింటివారి అడాప్టరు ఒక్క సాయంత్రం అడిగి తెచ్చి పెట్టి చూడండి. పెట్టె పడకుండా ఉంటే రోగం తెలిసినట్లే.

అయితే అందరి ఇళ్ళలోనూ అడాప్టరే దోషి అనుకోరాదు. మాకు తెలిసిన మరి రెండు ఇళ్ళ సంగతి వినండి.

గుడివాడలో మా స్నేహితుల ఇంట్లో పెట్టె మే నెలలో మధ్యాహ్నం పన్నెండు మొదలుకొని మూడింటిదాకా పదే పదే పడిపోయేది. సాయంత్రానికి తనే బాగయ్యేది. రేకుల ఇల్లు. పెట్టెను ఫ్రిజ్‌మీద పెట్టి, దుమ్ము పడకుండా లేసు గుడ్డ కప్పి, దానిమీద ప్లాస్టిక్ పూలు పెట్టారు. ఇంటి పెట్టెలు చాలావరకు 40 డిగ్రీల వేడిదాకా పనిచేసేటట్లు చేసినవి. మన డెల్టాలో ఎండాకాలం బయటే అంత ఉంటుంది. రేకుల కింద, ఫ్రిజ్ వేడిమీద, గుడ్డ చాటున ఎంత ఉంటుందో ఆలోచించండి. గుడ్డ తీసి, పెట్టెను గోడకు కిందివైపు గాలి తగిలేచోట బిగించాక ఆ తిప్పలు తప్పాయి. ఆ ఇంటి అమ్మాయి ఇంజనీరింగు కౌన్సెలింగుకు కాలేజీల ఎంపిక నింపుకునే రోజుల్లో రాత్రి పది దాటాక కూర్చోవలసి వచ్చిందంటే, ఆ గుడ్డ ఎంత పని చేసిందో చూడండి.

బందరులో చిలకలపూడి వైపు ఒక రిటైర్డు మాస్టారి ఇంట్లో మరో చిత్రం. ఫ్యాను స్విచ్చి వేసినప్పుడల్లా పెట్టె పడిపోయేది. అడాప్టరు మార్చారు, పెట్టె కూడా మార్పించారు, గుణం లేదు. చివరకు ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డు విప్పితే, లోపల స్క్రూ వదులై, తీగ కొస నల్లగా కమిలి ఉంది. ప్లగ్గు పిన్నులకు పచ్చని చిలుము పట్టింది. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఉప్పు తేమకు లోహం త్వరగా పాడవుతుంది. స్క్రూ బిగించి, సాకెట్టు మార్చాక పెట్టె మళ్ళీ పడలేదు. ఎలక్ట్రీషియన్ అన్న మాట మాత్రం మాస్టారు మరచిపోలేదు. "మీ పెట్టె పడడం మంచిదయింది సార్, లేకపోతే ఈ బోర్డు ఒకనాటికి అంటుకునేది" అన్నాడట. కాబట్టి సాకెట్టు వేడెక్కుతున్నా, కమిలిన వాసన వస్తున్నా, అది నెట్ సంగతి కాదు, ఇంటి సంగతి. వెంటనే చూపించండి.

ఇన్వర్టరు ఉన్నవారు మరొకటి గమనించాలి. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే మధ్య క్షణంలో పెట్టె పడిపోతుంటే, ఇన్వర్టరు వెనుక యూపీఎస్ అని ఒక మీట ఉన్నదేమో చూడండి. అటు తిప్పితే మారే సమయం తగ్గుతుంది. ఇన్వర్టరు లేనివారికి రౌటరు కోసమే చిన్న 12 వోల్టుల బ్యాటరీ పెట్టెలు దొరుకుతున్నాయి. దానికీ ఆంపియర్ల లెక్క చూసే కొనాలి.

మీ ఇంట్లో ఇటువంటి ఇబ్బంది ఉంటే ఈ వరుసలో చూడండి.

1. ఒక నోటు పుస్తకం పెట్టి, పెట్టె ఎప్పుడు పడిందో తేదీ, గంట రాయండి. ఆ సమయంలో ఇంట్లో ఏది వేశారో, మోటారా, మిక్సీయా, వీడియో కాలా, అదీ రాయండి. వారం రోజులు చాలు, కారణం అందులోనే కనబడుతుంది.

2. ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసేసి, అడాప్టరును నేరుగా గోడ సాకెట్టులో పెట్టండి. ప్లగ్గు కదులుతున్నదేమో చూడండి. పెట్టె వెనుక గుచ్చే పిన్ను వదులుగా ఉన్నదేమో కూడా చూడండి.

3. రెండు చీటీలు పోల్చి చూడండి. అడాప్టరు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా, గుయ్యిమంటున్నా మార్చండి.

4. పెట్టెను గాలి తగిలేచోటికి మార్చండి. టీవీ, ఫ్రిజ్, ఇన్వర్టరుల మీద వద్దు. గుడ్డ కప్పవద్దు.

5. ఇవన్నీ చేసినా ఆగకపోతే, పెట్టెలోని ప్రోగ్రాము పాతబడి ఉండవచ్చు, లేదా పెట్టే పాడై ఉండవచ్చు. అప్పుడు కేబులు వారిని పిలిచి నోటు పుస్తకం చూపించండి. "ఊరికే పోతుందండీ" అంటే వినిపించుకోనివారు, "మంగళవారం ఏడూ నలభైకి, బుధవారం ఎనిమిదీ ఐదుకు" అంటే వింటారు.

చేయకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. అడాప్టరును విప్పవద్దు, ప్లగ్గు తీశాక కూడా లోపల కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుంది. పెట్టె వెనుక సూది బెజ్జంలాంటి రీసెట్ మీటను నొక్కవద్దు. కేబులు వారు ఎక్కించిన వివరాలన్నీ చెరిగిపోయి, ఉన్న నెట్ కూడా పోతుంది. గాజు తీగను మడత పెట్టవద్దు, దాని కొసలోకి కన్ను పెట్టి చూడవద్దు. స్తంభం మీది పని లైన్‌మాన్‌కు వదిలిపెట్టండి, మీరు ఎక్కవద్దు. ఉరుములు మొదలవగానే ప్లగ్గు తీసి వేరుగా పెట్టండి. గాజు తీగలో కరెంటు పారదు గాని, కరెంటు లైనుమీదుగా పిడుగు దెబ్బ వస్తుంది.

తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు మరీ జాగ్రత్త. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన ప్రాంతమంతా ఆ గాలివానను చూసింది. అటువంటి రోజుల్లో పెట్టెను నమ్ముకోరాదు. ఫోను నిండా చార్జి పెట్టుకొని, బ్యాటరీ రేడియో దగ్గర ఉంచుకొని, దూరాన ఉన్నవారికి ముందుగానే, "ఒకటి రెండు రోజులు ఫోను కలవకపోవచ్చు, కంగారు పడవద్దు" అని చెప్పి ఉంచాలి.

ఈ మాట దివిసీమవారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో స్తంభాలూ తీగలూ కూలిపోయి, ఊళ్ళ కబురు ఊళ్ళకు తెలియకుండా పోయింది. అవతలి ఊరికి ఇచ్చిన ఆడపిల్ల బ్రతికి ఉన్నదో లేదో తెలియక, బురదలో నడిచి వెళ్ళి చూసుకున్న తండ్రులున్నారు. మా పిన్నమ్మ అప్పటికి చిన్నపిల్ల. కబురు తెగిపోవడం అంటే ఏమిటో ఆమెకు తెలుసు. బహుశా అందుకే ఫోను తెగినప్పుడల్లా ఆమె అంతగా అదిరిపోయి ఉంటారు.

కొత్త అడాప్టరు పెట్టిన సాయంత్రం ముప్పావు గంట మాట్లాడినా కాల్ తెగలేదు. మేము పెట్టెను ఫోనుకు చూపించి, పాత అడాప్టరు మీది చీటీ చూపించి, జరిగింది చెప్పాము. కొడుకు పెద్దగా నవ్వాడు. ఏసీ మెకానిక్కు గదా, మాటలో సగానికే అర్థమయింది. కోడలు నవ్వలేదు. కొంచెంసేపు ఊరుకొని, "అత్తయ్యా, మీరు పక్కింటావిడతో అన్నమాట నాకు తెలిసింది" అన్నది. పిన్నమ్మ తలవంచుకొని, "తప్పయిపోయిందమ్మా, నిన్నే అడిగి ఉండవలసింది" అన్నారు. ఆ తరువాత ఇద్దరూ చాలాసేపు మాట్లాడలేదు. కాల్ మాత్రం తెగకుండా నిలిచే ఉంది.

అడాప్టరు మార్చడానికి పది నిమిషాలు పట్టింది. ఆ మాట మానడానికి ఇంకా కొన్నాళ్ళు పడుతుంది. ఇప్పుడు రోజూ మాట్లాడుకుంటున్నారు. అప్పు సంగతి కూడా కోడలే ఎత్తి, నెలనెలా కొంత పంపుతున్నది.

కాబట్టి మీ ఇంట్లో మాట మధ్యలో తెగిపోతే, అవతలివారిని అనుమానించే ముందు ఒక్కసారి లేచి దీపాలు చూడండి. దీపాలు సరిగా ఉన్నాకూడా, పక్కింటికి వెళ్ళకుండా, మళ్ళీ ఫోను కలిపి నేరుగా వారినే అడగండి.

వచ్చే నెల మరొక ఇంటి సంగతితో కలుసుకుందాం.